ఎనిమిది అన్న లెక్క ఎవరిది?

ఇంగ్లీషు గ్రామరు మొదలుపెట్టిన రోజున ఏ టీచరైనా బోర్డు మీద ముందు రాసేది ఎనిమిది మాటలు. నౌన్, ప్రొనౌన్, ఎడ్జెక్టివ్, వెర్బ్, ఎడ్వెర్బ్, ప్రిపొజిషన్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్. పిల్లలు వాటిని ఎక్కాలు అప్పజెప్పినట్టు ఒక్క ఊపిరిలో అప్పజెబుతారు. గోదావరి లంక గ్రామాల జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని, ఆ రాగం నాకు నిద్రలో కూడా వినిపిస్తుంది. కానీ ఆ ఎనిమిదీ ఎవరు లెక్కపెట్టారో, ఎవరి భాషను ఎదురుగా పెట్టుకుని లెక్కపెట్టారో మా పాఠ్యపుస్తకాలు ఒక్కటీ చెప్పలేదు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ అది నాకు పెద్ద లోటుగానే ఉండేది. తీరిక చిక్కినప్పుడల్లా ఆ కథ వెతుక్కుంటూ చదివాను. చదివినకొద్దీ ఒక సంగతి తేటపడింది. ఈ జాబితాకు రెండు వేల ఏళ్ళు దాటిన వయసుంది. దాన్ని కట్టినవాళ్ళూ, విప్పి మళ్ళీ కట్టినవాళ్ళూ చాలామంది బడిపంతుళ్ళే. ఎదుట కూర్చున్న పిల్లల నోట ఏ భాష ఉందో చూసుకుని సవరించారు.

మొదలు గ్రీకులతోనే. నామం, క్రియ అన్న రెండింటినీ విడదీసి మాట్లాడినవాడు ప్లేటో. వాక్యంలో ఎవరి గురించి చెబుతున్నాం, ఏమని చెబుతున్నాం అన్నది ఆయన విచారణ. అది తత్వశాస్త్రం, పిల్లల చదువు కాదు. చదువుగా మారింది ఈజిప్టు తీరంలోని అలెగ్జాండ్రియాలో. అక్కడి గ్రంథాలయాధిపతి అరిస్టార్కస్ హోమర్ కావ్యాల ప్రతులన్నీ ముందు పెట్టుకుని ఏ పాఠం సరైనదో తేల్చే పనిలో జీవితం గడిపాడు. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దం నాటికి హోమర్ భాష జనం నోట లేదు. నన్నయ పద్యాన్ని ఇవాళ తొమ్మిదో తరగతికి చెప్పే తెలుగు పండితుడు పడే పాటే ఆనాటి గ్రీకు పంతులూ పడ్డాడు. వ్యాకరణం ఆ అవసరంలోంచి పుట్టింది.

అరిస్టార్కస్ శిష్యుల్లో ఒకడు డయొనీసియస్ థ్రాక్స్. క్రీ.పూ. 145 ప్రాంతంలో ఎనిమిదో టాలెమీ రాజు పండితుల మీద కక్ష కట్టడంతో అలెగ్జాండ్రియా మేధావులు చెల్లాచెదురయ్యారు. డయొనీసియస్ రోడ్స్ ద్వీపం చేరి అక్కడ పాఠాలు చెప్పుకున్నాడు. ఆయన పేరు మీద మనకు దక్కిన వ్యాకరణం చాలా చిన్నది, అచ్చులో పదిహేను పేజీలకు అటూఇటూ ఉంటుంది. అందులో చివరి భాగాలు తర్వాతివాళ్ళు చేర్చినవని కొందరు పండితులు వాదిస్తారు. ఎవరు రాసినా, ఎనిమిది భాషాభాగాలు వరసగా కనిపించేది అక్కడే. నౌన్, వెర్బ్, పార్టిసిపుల్, ఆర్టికల్, ప్రొనౌన్, ప్రిపొజిషన్, ఎడ్వెర్బ్, కంజంక్షన్.

ఈ వరసను మనవాళ్ళు అప్పజెప్పే వరస పక్కన పెట్టి చూడండి. లెక్క ఎనిమిదే, మనుషులు వేరు. ఎడ్జెక్టివ్ లేదు, ఇంటర్జెక్షన్ లేదు. పార్టిసిపుల్‌కూ ఆర్టికల్‌కూ చెరో స్థానం ఉంది. దానికంటే నన్ను ఎక్కువగా ఆపేసినవి ఆ పుస్తకంలోని నిర్వచనాలు. నౌన్ అంటే ఏమిటని అడిగితే మన పిల్లలు 'మనిషి పేరు, ఊరు పేరు, వస్తువు పేరు' అంటారు. గ్రీకు పుస్తకం అలా మొదలుపెట్టదు. విభక్తులతో రూపం మారేది నౌన్ అని ముందు చెప్పి, ఆ తర్వాతే అది ఒక వస్తువునో విషయాన్నో సూచిస్తుందంటుంది. ఉదాహరణలు రాయి, విద్య. వెర్బ్ అంటే విభక్తులు లేనిది, కాలాన్ని బట్టీ పురుషను బట్టీ వచనాన్ని బట్టీ మారేది. మాట చివర ఏమవుతోందో చూసి చెప్పు అన్నది ఆ పద్ధతి. కంటికి కనిపించేదే కొలత. గ్రీకు పిల్లవాడికి ఊహతో పనిలేదు, మాట తోక పట్టుకుంటే చాలు. ఇది గుర్తుపెట్టుకోవలసిన విషయం, ఎందుకంటే తర్వాత ఇంగ్లీషుకు వచ్చిన చిక్కంతా ఆ తోకలు రాలిపోవడం వల్లే వచ్చింది.

రోమన్లు గ్రీకు చదువును ఎత్తి తెచ్చుకున్నారు. లాటిన్‌కు ఈ జాబితా చాలావరకు సరిపోయింది, అదీ విభక్తుల భాషే. ఒక్కచోట తేడా వచ్చింది. లాటిన్‌లో ఆర్టికల్ లేదు. ఇంగ్లీషువాళ్ళ 'ఎ', 'ది' లాంటి మాటలే ఆ భాషలో లేవు. జాబితా ఏడుకు దిగాలి. దిగలేదు. అప్పటిదాకా గ్రీకులు ఎడ్వెర్బుల్లో కలిపేసిన 'అయ్యో', 'ఆహా' లాంటి అరుపుల్ని బయటికి తీసి ఇంటర్జెక్షన్ అని పేరుపెట్టి ఎనిమిదో స్థానంలో కూర్చోబెట్టారు.

ఇంటర్జెక్షన్‌ను విడిగా నిర్వచించినవారిలో మనకు తెలిసిన మొదటివాడు రెమ్మియస్ పాలేమన్. క్రీస్తు శకం మొదటి శతాబ్దపు మనిషి. ఈయన జీవితం రోమన్ చరిత్రకారుడు స్వెటోనియస్ రాసిపెట్టాడు. పుట్టుకతో బానిస. యజమానురాలి ఇంట మొదట నేతపని నేర్చాడు. ఆవిడ కొడుకును బడికి దిగబెట్టడానికి వెంట వెళ్ళేవాడు. లోపల పంతులు చెప్పే పాఠం విని అక్షరాలు పట్టేశాడు. తర్వాత విముక్తుడై రోమ్‌లోనే బడి పెట్టి అక్కడి వ్యాకరణవేత్తల్లో అగ్రస్థానం సంపాదించాడు. ఆయన నడవడి మంచిది కాదని, పిల్లల్ని ఆయన బడికి పంపవద్దని ఇద్దరు చక్రవర్తులు, తైబీరియస్, క్లాడియస్, అన్నారని కూడా స్వెటోనియస్ రాశాడు. అయినా పిల్లలు వెళ్ళారు. ఆయన వ్యాకరణం ఇప్పుడు దొరకదు. కానీ మా తొమ్మిదో తరగతి పిల్లవాడు 'అలాస్' కింద గీత గీసి ఇంటర్జెక్షన్ అని రాసిన ప్రతిసారీ, బడి గుమ్మం దగ్గర వినికిడితో చదువు నేర్చిన ఆ బానిస కుర్రాడి పని అక్కడుంది. ఈ సంగతి మా పిల్లలకు చెప్పినప్పుడు క్లాసు మొత్తం నిశ్శబ్దమైపోవడం చూశాను. లంకల్లో పొలం పనికి వెళ్ళొచ్చి చదువుకునే పిల్లలకు ఇలాంటి మనిషి పరాయివాడు కాడు.

నాలుగో శతాబ్దంలో రోమ్‌లో ఈలియస్ డొనాటస్ అనే పంతులు ఈ ఎనిమిదింటినీ ప్రశ్న, జవాబు రూపంలో చిన్న పుస్తకంగా కుదించాడు. భాషాభాగాలెన్ని, అవి ఏవి, నౌన్‌కు ఎన్ని లక్షణాలు, ఇలా సాగుతుంది. బైబిల్‌ను లాటిన్‌లోకి తెచ్చిన సెయింట్ జెరోమ్ ఈయన శిష్యుడే. ఆ పుస్తకం ఎంతగా పాతుకుపోయిందంటే, మధ్యయుగంలో ఏ చిన్న వ్యాకరణాన్నైనా 'డోనెట్' అనేవారు. మెయింజ్‌లో గుటెన్‌బర్గ్ అచ్చుయంత్రం కొత్తగా నడుస్తున్నప్పుడు అక్కడ అచ్చయిన వాటిలో డొనాటస్ ఒకటి. బడిపిల్లలున్నచోట అమ్ముడుపోయే సరుకు అది. కాన్‌స్టాంటినోపుల్‌లో 500 సంవత్సరం ప్రాంతంలో ప్రిస్కియన్ పద్దెనిమిది భాగాల మహావ్యాకరణం రాశాడు. అది పెద్దలకు, డొనాటస్ పిల్లలకు. ఐరోపా మొత్తం వెయ్యేళ్ళు ఈ ఇద్దరితోనే గడిపింది.

ఇప్పుడు ఇంగ్లండు. దక్షిణాన డోర్సెట్‌లో సెర్న్ మఠంలో ఆల్‌ఫ్రిక్ అనే సన్యాసి ఉండేవాడు. 1000 సంవత్సరానికి కాస్త ముందు లాటిన్ వ్యాకరణాన్ని తన ఊరి ఇంగ్లీషులో రాశాడు. చిన్నపిల్లల కోసం రాస్తున్నానని తనే ముందుమాటలో చెప్పుకున్నాడు. నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా ఇష్టమైన మనిషి ఈయన. లాటిన్ పేర్లను పిల్లల మీద పడేయకుండా ఒక్కోదానికీ వాళ్ళ ఇంటి మాటల్లో పేరు కట్టాడు. ప్రొనౌన్‌ను నామానికి బదులు నిలిచేది అన్నాడు. ఎడ్వెర్బ్‌ను క్రియకు తోడుండేది అన్నాడు. పార్టిసిపుల్‌ను పాలు పంచుకునేది అన్నాడు, ఎందుకంటే అది నామం లక్షణాలు కొన్నీ క్రియ లక్షణాలు కొన్నీ తీసుకుంటుంది. వినగానే సగం పాఠం అర్థమయ్యే పేర్లవి. ఈ పుస్తకంతో రెండు భాషలకూ మొదలు దొరుకుతుందని కూడా ఆయన అన్నాడు. ఇంగ్లీషుకు వ్యాకరణం ఉందన్న ఊహ ఎవరికీ లేని రోజుల్లో అన్న మాట.

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. బళ్ళో బోధన ఫ్రెంచిలోకి మారింది. ఆల్‌ఫ్రిక్ పేర్లు మరుగున పడ్డాయి, లాటిన్ పేర్లే నిలిచాయి. ఇవాళ ప్రిపొజిషన్, కంజంక్షన్ అని మా పిల్లలు నోరు తిరక్క అవస్థపడే మాటలు అలా వచ్చినవే. ఇంగ్లండు పిల్లవాడికీ అవి పుట్టుకతో వచ్చిన మాటలు కావు. ఈ ఒక్క ముక్క చెబితే మా పిల్లల భుజాలు కాస్త పైకి లేచేవి.

మూడు వందల ఏళ్ళ తర్వాత గాలి తిరిగింది. 1349 నాటి ప్లేగు మహమ్మారి తర్వాత జాన్ కార్న్‌వాల్ అనే ఆక్స్‌ఫర్డ్ పంతులు లాటిన్‌ను ఫ్రెంచిలో కాకుండా ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. 1385లో జాన్ ట్రెవీసా అనే అనువాదకుడు, ఇప్పుడు దేశంలోని గ్రామరు స్కూళ్ళన్నీ ఇదే దారి పట్టాయని నమోదు చేశాడు. లాభనష్టాలు కూడా రాశాడు. లాభం, పిల్లలు వ్యాకరణం తక్కువ కాలంలో నేర్చేస్తున్నారు. నష్టం, వాళ్ళకు ఫ్రెంచి రాకుండా పోతోంది, సముద్రం దాటి వెళ్ళినప్పుడు ఇబ్బంది పడతారు. ఇంటి భాషలో చెబితే త్వరగా వస్తుంది, పై భాష రాకపోతే బయట బతకలేరు. తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం అని మా స్టాఫ్ రూముల్లో ఏళ్ళ తరబడి విన్న రెండు వాదాలూ ఆ నాలుగు వాక్యాల్లో ఉన్నాయి. అక్కడ అవతలి భాష ఫ్రెంచి, ఇంగ్లీషు ఇంటి భాష. అంతే తేడా.

1509లో జాన్ కోలెట్ లండన్‌లో సెయింట్ పాల్స్ స్కూలు పెట్టాడు. దాని మొదటి హెడ్‌మాస్టరు విలియం లిలీ. ఆయన పేరుతో చలామణీ అయిన లాటిన్ వ్యాకరణాన్ని ఎనిమిదో హెన్రీ రాజాజ్ఞతో దేశమంతా చదవాల్సిందే అన్నాడు. ఒకే పుస్తకం, మరోటి వాడరాదు. షేక్‌స్పియర్ చదివింది ఇదేనంటారు. 'మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్' నాటకంలో విలియం అనే కుర్రాడిని ఒక పంతులు వీధిలో నిలబెట్టి వ్యాకరణం అప్పజెప్పించుకునే దృశ్యం ఉంది. నవ్వు పుట్టించే దృశ్యమే, కానీ అందులో పిల్లవాడి బెదురు నిజమైనది.

ఇంగ్లీషు భాషకే, ఇంగ్లీషులోనే రాసిన మొదటి వ్యాకరణం 1586లో వచ్చింది. రాసినవాడు విలియం బులోకర్. మన భాషకూ లాటిన్‌లాగే నియమాలున్నాయని లోకానికి చూపాలన్నది ఆయన తాపత్రయం. అందుకని లిలీ పుస్తకం అచ్చునే తీసుకున్నాడు. ఎనిమిది భాషాభాగాలు, విభక్తులు, అన్నీ. నాకు ఆయన తాపత్రయం అర్థమవుతుంది. చిన్నచూపు చూస్తున్న భాషను నిలబెట్టాలనుకున్నవాడు గౌరవం ఉన్న భాష కొలతల్నే అరువు తెచ్చుకుంటాడు. కానీ అప్పటికే ఇంగ్లీషులో మాటల తోకలు రాలిపోయాయి. ఆల్‌ఫ్రిక్ నాటి ఇంగ్లీషులో నామానికి విభక్తిరూపాలుండేవి. బులోకర్ నాటికి బహువచనపు 'ఎస్', షష్ఠికి 'ఎస్' తప్ప పెద్దగా మిగల్లేదు. విభక్తులతో మారేది నౌన్ అన్న గ్రీకు కొలత కొలవడానికి అక్కడ ఏమీ లేదు. అందుకే తర్వాతి పుస్తకాల్లో రూపాన్ని వదిలేసి అర్థాన్ని పట్టుకున్నారు. వస్తువు పేరు నౌన్, పని చెప్పేది వెర్బ్. 'అరైవల్' పనే కదా, అది వెర్బ్ ఎందుకు కాదని తెలివైన పిల్లవాడు అడిగితే పంతులు నీళ్ళు నమలాల్సి వచ్చే పరిస్థితి అప్పుడు మొదలైంది.

నాటకకర్త బెన్ జాన్సన్ కూడా ఒక ఇంగ్లీషు వ్యాకరణం రాసుకున్నాడు. ఆయన పోయాక 1640లో అచ్చయింది. లాటిన్‌లో లేక పోగొట్టుకున్న ఆర్టికల్‌ను ఆయన మళ్ళీ లోపలికి తెచ్చి తొమ్మిదోదిగా చేర్చాడు. 1653లో జాన్ వాలిస్ అసలు పద్ధతినే ప్రశ్నించాడు. ఆక్స్‌ఫర్డ్‌లో రేఖాగణిత ఆచార్యుడు, అనంతానికి పడుకున్న ఎనిమిది లాంటి గుర్తు పెట్టినవాడు. ఇంగ్లీషును లాటిన్ మూసలో పోయడం వల్ల లేని విభక్తుల గురించీ లేని లింగాల గురించీ పనికిరాని సూత్రాలు పుట్టుకొస్తున్నాయని నిలదీశాడు. ఆ మాట అన్న పుస్తకం లాటిన్‌లోనే రాశాడు, ఎందుకంటే ఇంగ్లీషు నేర్చుకునే పరదేశీయులు చదవాలి.

ఆ తర్వాతి వందేళ్ళలో నాకు నిలిచి చూడాలనిపించే మనిషి ఆన్ ఫిషర్. ఇంగ్లండు ఉత్తరాన న్యూకాసిల్‌లో ఆడపిల్లలకు బడి నడిపింది. 1740ల్లో ఆవిడ వ్యాకరణం వెలువడింది. ఆధునిక ఇంగ్లీషుకు వ్యాకరణం ప్రచురించిన మొదటి స్త్రీ. లాటిన్ రాని పిల్లలకు లాటిన్ పేర్లెందుకని ఎనిమిదినీ పక్కన పెట్టి నాలుగే చాలంది. పేర్లు, గుణాలు, క్రియలు, మిగిలిన చిన్నమాటలు. ఎడ్జెక్టివ్‌ను నౌన్ నీడలోంచి బయటికి తెచ్చింది. ఇంకో పని కూడా చేసింది. తప్పు ఇంగ్లీషు వాక్యాలు ఇచ్చి పిల్లల చేత దిద్దించే అభ్యాసాన్ని పుస్తకంలో పెట్టి వ్యాప్తి చేసింది. మన పదో తరగతి పేపర్లో తప్పులు సరిచేయమని వచ్చే ప్రశ్నకు మూలం వెతుక్కుంటూ పోతే ఆ న్యూకాసిల్ టీచరమ్మ కనిపిస్తుంది. ఇన్ని వేలమంది మాస్టర్లలో ఆవిడ పేరు ఎవరికీ తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఎడ్జెక్టివ్ సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. గ్రీకులో, లాటిన్‌లో విశేషణం నామంతో పాటే విభక్తి, లింగం, వచనం మార్చుకుంటుంది. అందుకే వాళ్ళు దాన్ని నౌన్‌లో ఒక రకంగానే లెక్కేశారు. సంస్కృతంలోనూ అంతే, విశేష్యానికి ఏ విభక్తో విశేషణానికీ అదే. ఇంగ్లీషులో 'గుడ్' మారదు. మన తెలుగులోనూ 'మంచి' మారదు. మంచి కుర్రాడు, మంచి పిల్ల, మంచి మనుషులు. 'మంచివాళ్ళు' లాంటి చోట తప్ప అది తోక తగిలించుకోదు. అయినా లాటిన్ గౌరవం అడ్డొచ్చి ఎడ్జెక్టివ్‌కు ఇంగ్లీషు వ్యాకరణాల్లో సొంత స్థానం స్థిరపడడానికి పద్దెనిమిదో శతాబ్దం దాకా పట్టింది. 1761లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ బడిపిల్లల కోసం వేసిన చిన్న వ్యాకరణంలో ఇవాళ మనం అప్పజెప్పే ఎనిమిదీ ఉన్నాయి. పార్టిసిపుల్ వెర్బ్‌లో కలిసింది, ఎడ్జెక్టివ్ విడిగా వచ్చింది, లెక్క మళ్ళీ ఎనిమిదికే వచ్చి ఆగింది. ఆ పుస్తకం రాసే నాటికి ఆయన నాంట్‌విచ్ అనే ఊళ్ళో బడిపంతులు. ఆక్సిజన్‌ను కనుక్కున్న ప్రీస్ట్‌లీ ఈయనే, అది 1774లో.

మరుసటేడు, 1762లో, రాబర్ట్ లోత్ అనే మతాచార్యుడు తొమ్మిది అన్నాడు, ఆర్టికల్‌తో కలిపి. 1795లో యార్క్ దగ్గర స్థిరపడిన అమెరికన్ లాయరు లిండ్లీ మర్రే, అక్కడి క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి ఆడపిల్లల బళ్ళో టీచర్లు అడిగితే ఒక గ్రామరు రాసిచ్చాడు. లోత్ దారిలోనే తొమ్మిది. అది అట్లాంటిక్‌కు రెండు వైపులా ఇంటింటి పుస్తకమైంది. కంపెనీ వాళ్ళతో మన దేశానికీ వచ్చింది, కలకత్తాలోనూ అచ్చయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మద్రాసులో ఎదురు దిశలో ప్రయాణం జరుగుతోంది. ఇంగ్లీషు దొరలు తెలుగు నేర్చుకోవాల్సి వచ్చింది. 1812లో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ పెట్టారు. 1816లో ఏ.డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో వేశాడు. తెలుగు, తమిళం లాంటివి సంస్కృతం నుంచి పుట్టినవి కావని, వాటిది వేరే కుటుంబమని ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ చెప్పింది ఆ పుస్తకానికి రాసిన ముందుమాటలోనే. 1840లో సి.పి. బ్రౌన్ తన వ్యాకరణం తెచ్చాడు. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చింది. పది పరిచ్ఛేదాలు, సంజ్ఞ నుంచి ప్రకీర్ణకం దాకా, అందులో ఎనిమిది భాషాభాగాల ఊసే లేదు. మన సంప్రదాయం లెక్కే వేరు. యాస్కుడు నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం అని నాలుగన్నాడు. పాణినికి సుబంతం, తిఙంతం అని రెండు చాలాయి, మాట చివర ఏ ప్రత్యయం ఉందన్నదే కొలత. ఎక్కడి డయొనీసియస్ రోడ్స్, ఎక్కడి పాణిని శలాతురం! ఇద్దరూ మాట తోకనే పట్టుకున్నారు. ఇవాళ మన బడి పుస్తకాల్లో తెలుగుకు నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని ఐదు చెబుతాం. ఒకే పిల్లవాడు రెండో పీరియడులో ఐదు, మూడో పీరియడులో ఎనిమిది చదువుతాడు. ఆ మిగిలిన మూడూ తెలుగులో ఏమయ్యాయని వాడికి ఎవరూ చెప్పరు. 'బళ్ళో' అన్న మాటలో 'లో' వెనక ఉంది, ఇంగ్లీషువాడి 'ఇన్' ముందుంది, పని ఒకటే. ఆ ఒక్క వాక్యం చెబితే ప్రిపొజిషన్ పాఠం సగం అయిపోతుంది.

పందొమ్మిదో శతాబ్దం చివర మన దేశంలో మర్రే స్థానంలోకి నెస్‌ఫీల్డ్ వచ్చాడు. జె.సి. నెస్‌ఫీల్డ్ ఉత్తరాదిన వాయవ్య రాష్ట్రాలు, అవధ్‌లో విద్యాశాఖ డైరెక్టరుగా పనిచేసినవాడు. మాక్‌మిలన్ వాళ్ళు వేసిన ఆయన గ్రామరు వరస మన తాతల తరాన్ని పెంచింది. మా నాన్నగారి నెస్‌ఫీల్డ్ నా దగ్గరుంది. కుట్లు ఊడిన చోట ఆయన ట్వైన్ దారంతో కుట్టుకున్నారు. అంచుల్లో సన్నని పెన్సిల్ రాత. ఒక వాక్యంలో 'టేబుల్' కింద కామన్ నౌన్, న్యూటర్ జెండర్, సింగ్యులర్, థర్డ్ పర్సన్, ఆబ్జెక్టివ్ కేస్, ఫలానా ప్రిపొజిషన్ వల్ల, అని ఆరు వివరాలు. దాన్నే పార్సింగ్ అనేవారు. నాన్నగారు భోజనానికి కూర్చుని కూడా పార్సింగ్ చెప్పించేవారు. ఆ రాతలో నాకు కనిపించేది డొనాటస్ ప్రశ్నావళి. టేబుల్ అన్న మాట కర్తయినా కర్మయినా అలాగే ఉంటుంది, కంటికి కనిపించని విభక్తిని మా నాన్నగారి తరం ఊహించి రాసింది. కష్టపడి రాసింది. ఆ కష్టంతోనే కలెక్టరేట్లలో, కోర్టుల్లో తప్పులేని ఇంగ్లీషు రాసింది కూడా.

1930ల్లో రెన్ అండ్ మార్టిన్ గ్రామరు వచ్చింది. పి.సి. రెన్ బొంబాయి రాజధానిలో విద్యాశాఖ ఉద్యోగి, కానీ లోకానికి ఆయన 'బో జెస్ట్' అనే సాహస నవల రాసినవాడిగా తెలుసు. ఆ గ్రామరులోనూ ఎనిమిదే భాషాభాగాలు. ఆర్టికల్‌ను విడిగా లెక్కపెట్టకుండా, నిజానికి అవి ఎడ్జెక్టివ్‌లేనని సర్దారు. నేను చదివిన ప్రతి మీద సవరించినవారిగా ఎన్.డి.వి. ప్రసాదరావు అని ఉండేది. ఆ పేరు మన వైపుదని మా క్లాసంతా మురిసిపోయాం.

అసలు మలుపు 1952లో అమెరికాలో వచ్చింది. మిచిగన్‌లో సి.సి. ఫ్రైస్ అనే ప్రొఫెసరు పుస్తకాలు పక్కన పెట్టి జనం మాట్లాడే మాటలు విన్నాడు. సుమారు యాభై గంటల టెలిఫోను సంభాషణలు రికార్డు చేసి పెట్టుకున్నాడు. అర్థాన్ని బట్టి చెప్పే నిర్వచనాలు నిలవవని తేల్చి, వాక్యంలో ఏ ఖాళీలో ఏ మాట కూర్చుంటుందో దాన్ని బట్టి మాటల్ని విడగొట్టాడు. నాలుగు పెద్ద తరగతులు, వాటికి పేర్లు కూడా పెట్టలేదు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. మిగిలిన చిన్నమాటలు పదిహేను గుంపులు. మొదటి గుంపు 'ది' లాంటి మాటలకే. రాలిపోయిన తోకల బదులు ఇంగ్లీషు తన గుర్తుల్ని మాట ఉన్న చోటులో దాచుకుందని ఆయన చూపించాడు. రోడ్స్ నాటి కొలతకు ఇంగ్లీషులో సాటి ఏదో, ఇన్నాళ్ళకు దొరికింది. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టాక, ఇవాళ అది ఇఫ్లూ, ఆ తరహా ఆలోచన అక్కడ శిక్షణ పొందిన టీచర్లతో మన బళ్ళకూ చేరింది. నాకు చెప్పిన మాస్టారు అక్కడ చదువుకుని వచ్చినవారే.

సర్వీసు చివరి ఏళ్ళలో తొమ్మిదో తరగతికి నేను నిర్వచనాలు ముందు చెప్పడం మానేశాను. బోర్డు మీద 'ది' రాసి, ఖాళీ వదిలి, 'వజ్ గుడ్' అని రాసేదాన్ని. నింపండి అంటే చేతులు లేచేవి. రైస్, బస్, మూవీ, టీచర్. ఒకడు 'బ్యూటిఫుల్' అన్నాడు. "కుదరదండీ" అని నలుగురు అరిచారు. ఎందుకు కుదరదో ఎవరూ సూత్రం చెప్పలేదు, కుదరదని మాత్రం అందరికీ తెలుసు. వెనక బెంచీ నుంచి ఇంకొకడు 'క్యాచ్' అన్నాడు. ముందు వరసలో శ్రద్ధగా రాసుకునే పిల్లవాడు లేచాడు. "టీచర్ గారండీ, క్యాచ్ అంటే పట్టుకోవడం కదండీ, నిన్న వెర్బుల్లో రాశామండీ." క్లాసు రెండుగా చీలింది. అప్పుడు కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి, "క్రికెట్లో అయితే కుదురుద్ది కదండీ, దాని ముందు 'ది' ఉంది, అదే చెప్పేస్తుందండీ" అంది. 'క్యాచ్'ను ఆ రోజు నౌన్ల వరసలోనూ రాశాం, వెర్బుల వరసలో ఉన్నదాన్ని చెరపలేదు. గంట కొట్టేలోపు పిల్లలు అలాంటివే ఇంకో పది మాటలు పట్టుకొచ్చారు.